ఇరవై నిమిషాల ఊరు

పాత క్యాలెండరు వెనకవైపు, మంచం మీద పరిచి
నీలం స్కెచ్‌తో సముద్రం గీశాను.
రుషికొండ దగ్గర ఇంకు అయిపోయింది.
అక్కణ్నుంచి భీమిలి దాకా
సముద్రం ఆకుపచ్చ.

ఒక్క ఆదివారం. ఏడుగురం.
మనిషికి నాలుగువందల యాభై,
అది దాటితే రాలేనని సుకాంతి ముందే చెప్పింది.
పాడేరు పైనుంచి వచ్చిన పిల్ల.
డబ్బులు ఆమె దగ్గరే పెట్టాం,
చిల్లర కూడా నిద్రపోతున్న పసిబిడ్డని ముట్టుకున్నట్టు
లెక్కపెడుతుంది కనుక.

కాంప్లెక్సులో తొమ్మిదివందల కె ఎక్కాలి.
వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీలు,
వచ్చేటప్పుడు ఎడమవైపు.
సముద్రం కూర్చున్న చోటే కూర్చుంటుంది,
సీటు మారాల్సింది మనమే.

తెన్నేటి పార్కు దగ్గర దిగాలా వద్దా అని గంటసేపు పోట్లాట.
ఫిరోజాకి తొట్లకొండ కావాలి,
జోయెల్‌కి ఎక్కే పనేదీ వద్దు.
ఎర్రమట్టి దిబ్బల్లో ఎవరైనా గుప్పెడు మట్టి మూటగట్టారో
అక్కడే వదిలేసి వస్తానని
జియాలజీ హైమ హుకుం.
భీమిలిలో, గోస్తని కలిసే చోట,
"సూర్యాస్తమయం" అని రాశాను.
మన సముద్రంలోకి సూర్యుడు ఎప్పుడు దిగాడ్రా అని
మంచం ఊగేలా నవ్వారు.
కొట్టేసి "చీకటి" అని రాశాను.
ఖర్చు: లేదు.

మధ్యలో ఒక గడి:
మంగమారిపేట, రాతి తోరణం.
పది నలభై నుంచి పదకొండు.
ఇరవై నిమిషాలు, ఫొటోలు.

బోర్లించిన బకెట్ మీద కూర్చుని
గోళ్లు తీసుకుంటున్న ఎల్లాజీ
తలెత్తకుండానే అన్నాడు:
"పదిన్నరకి ఏటి సూత్తారు?
పోటు మీదుంతాది సంద్రం. రాయి నడుందాకా నీళ్లే.
పున్నమెల్లిన మర్నాడు, మూడు దాటాల.
పాటు తీసేక రండి,
తోరణం కిందనించి నడిసెల్లొచ్చు."

నీకెలా తెలుసన్నాం.

"మా ఇల్లక్కడే."

రెండేళ్లు ఒకే గది.
శనివారం సంచీ తగిలించుకుని
ఊరెళ్తన్నాను అనేవాడు.
ఏ ఊరని మేం అడగలేదు.
సోమవారం ఆ సంచీలోంచి ఎండు నెత్తళ్ల వాసన వస్తే
లేచి కిటికీ తెరిచినవాణ్ని
నేనే.

అడుగున ఒక్క ముడి విప్పితే వల జారినట్టు
బస్సు టైముల మీద అల్లిన రోజంతా జారిపోయింది.
మళ్లీ మొదటినుంచి కట్టాం.
చీకటితోనే బయల్దేరి ముందు భీమిలి
(సూర్యుడు తిరిగొచ్చాడు, ఈసారి సరైన గడిలోకి),
తర్వాత దిబ్బలు,
ఎండ వాలాక మంగమారిపేట.
తొట్లకొండ ఎగిరిపోయింది.
ఫిరోజా అలిగింది, జోయెల్ ఆమెకి
తన పల్లీల పొట్లం ఇచ్చేశాడు.

ఎల్లాజీ వరండాలోకి వెళ్లి ఫోన్ చేసొచ్చాడు.
"ఏడుగురేనా అంటంది అమ్మ.
సుకాంతి సేప తింటాదా, కోడిగుడ్డు ఒండమంటావా అంటంది.
హైమకి కారం తగ్గిత్తాదంట."

మా పేర్లన్నీ ఆమెకి తెలుసు.

ఎవరం మాట్లాడలేదు కాసేపు.
పైన ఫ్యాను, దాని పాత కిర్రు.
సుకాంతి మాత్రం డబ్బుల సంచి మూతి బిగించి
"తింటానని చెప్పు," అంది,
"మా ఇంటి పసుపు తెస్తానని కూడా."

ఇరవై నిమిషాలని చెరిపేద్దామని
వేలు తడిచేసి రుద్దాను.
స్కెచ్ కదా, పోలేదు, కొంచెం పాకింది.
కాగితం చిరిగేలా ఉందని ఆపేశాను.
ఎల్లాజీ నా చేతిలోంచి ఆకుపచ్చ స్కెచ్ తీసుకుని
ఒడ్డుకి జానెడు దూరంలో, సముద్రంలో,
ఒక చుక్క పెట్టాడు.

అదేంటన్నాను.

"నాన్న," అన్నాడు. "ఆ ఏలకి అక్కడుంతాడు."